నాలుగో గది అడ్రస్

జూన్ 2, సోమవారం

కొత్త రూటర్లు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పి, అందులోంచి రాలిన తెల్లటి థర్మాకోల్ ముక్కలన్నీ ఏరి, నేల ఊడ్చేసరికి మధ్యాహ్నమైంది. ఊడవడం కూడా నెట్‌వర్క్ విభాగం పనేనట. నెట్‌వర్క్ విభాగమంటే నేనూ, మా అక్క భర్త బావా. అంతే.

పాత తీగలన్నీ పీకేసి హాయిగా కొత్తవి వేస్తారేమో అని ఆశపడ్డాను. అదేం లేదు. చల్లగదుల్లో ముప్పై ఏళ్ళనాటి తీగా, అప్పటి ప్యానెళ్ళూ అలాగే ఉంటాయి. వాటికీ కంట్రోల్ రూమ్‌కీ మధ్య మాత్రం కొత్త రూటర్ కూర్చుంటుంది. ఇప్పుడు ఆ తీగ మీద నడిచేది ఒక్కటే పని. ప్రతి చల్లగదిలోనూ తలుపు పక్కన ఒక ఎర్ర బటన్ ఉంటుంది. లోపల ఎవరైనా చిక్కుకుంటే అది నొక్కాలి. ఇక్కడ కంట్రోల్ రూమ్‌లో గంట మోగుతుంది. నేను చేరినప్పటినుంచి ఆ గంట నిజంగా మోగాల్సిన అవసరం రాలేదు. రాలేదు కాబట్టే దాని మీద ఎవరికీ శ్రద్ధ లేదు.

మేనేజర్ ఇంకో మెలిక పెట్టాడు. లిస్టులో ఉన్న ప్యానెళ్ళ మాటే రూటర్ వినాలి. లిస్టులో లేనిది ఏదొచ్చినా కిమ్మనకుండా పారేయాలి. బయటివాళ్ళెవరో మా నెట్‌వర్క్‌లో దూరతారని ఆయన భయం. మందులు దాచే గోదాములోకి దూరి ఎవరేం చేసుకుంటారో నాకైతే తెలియదు. జలుబు చేసి పోతారు.

చల్లగదులు చూసుకునే స్టోరమ్మ టీ పట్టుకొచ్చి కూర్చుంది. ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంత చిన్న పనికి ఇన్ని రోజులెందుకు, అడ్రసు చూసి టైపు కొట్టడమేగా అంది. బావకి ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం. బొటనవేళ్ళు మడిచి, ఎనిమిది వేళ్ళు ఆవిడ ముందు నిలబెట్టాడు. వాటిలో కొన్ని ముడిచాడు. ఇటునుంచి నేను చదివితే ఒకటొస్తుంది, అటునుంచి నువ్వు చదివితే ఇంకొకటొస్తుంది, అవునా అన్నాడు. పాత తీగ నా వైపు కూర్చుంది, కొత్త రూటర్ నీ వైపు కూర్చుంది. అడ్రసులో రెండేసి గుర్తులు ఒక జత, ఒక్కో జతకీ ఇలా ఎనిమిది వేళ్ళు, అలాంటి జతలు ఆరు. ఒక్కో జతనీ తిప్పి రాస్తేగానీ రూటర్ దాన్ని గుర్తుపట్టదు, ఎవరో పరాయివాడనుకుని పారేస్తుంది. స్టోరమ్మ తన వేళ్ళు కూడా నిలబెట్టి చూసుకుని, ఇదంతా చేసేకంటే వెళ్ళి తలుపు కొట్టడం నయం కదా అంది.

పదిహేనేళ్ళ కిందట నాకూ అలాగే వేళ్ళతోనే నేర్పాడు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ బావే. ఆయనకి ఇంక రెండు నెలలే సర్వీసు ఉంది.

జూన్ 4, బుధవారం

మొదటి గది బావ చేశాడు. ప్యానెల్ స్టిక్కర్ మీద అడ్రసు ఆరు జతలుగా, మధ్యలో అడ్డగీతలతో ఉంటుంది. కొత్త రూటర్‌కి నాలుగేసి అక్షరాల గుంపులు మూడు, మధ్యలో చుక్కలు కావాలి. అంతవరకూ సరిగ్గానే చేశాడు. కానీ ఒక జతని తిప్పకుండా వదిలేశాడు. సున్నా-సి అక్కడ సున్నా-సి గానే ఉంది. వేళ్ళ లెక్కలో తిప్పితే మూడు-సున్నా రావాలి. ఈ పని ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు.

కళ్ళజోడు మార్చాలి. అక్కకి చెప్పాలి.

ఆయన టీకి వెళ్ళినప్పుడు సరిచేశాను.

జూన్ 5

అక్కకి చెప్పలేదు. మోకాలు నొప్పి. మెట్లు దిగి వాళ్ళ వాటాలోకి వెళ్ళబుద్ధి కాలేదు.

జూన్ 6, శుక్రవారం

రెండో గదిలో మూడు జతలు తప్పు. ఈసారి ఎదురుగానే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఏదీ అంటూ వంగి చూశాడు. వేళ్ళు నిలబెట్టాడు, ముడిచాడు, మళ్ళీ తెరిచాడు. ఎడమ చెయ్యి ఏదో, కుడి చెయ్యి ఏదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత నువ్వు చెయ్యమ్మా అని లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నన్ను ఎప్పుడూ "మరదలు పిల్లా" అనే మనిషి. "చెయ్యమ్మా" అన్నాడు. ఆ పూటంతా అక్కడే ఉన్నాడు. ఆయన మౌనంగా ఉంటే ఆ గదిలో ఫ్యాను చప్పుడు భరించలేం.

ఇంక చెప్పను. రెండు నెలల ముచ్చట. ఆయన చేసుకుంటూ పోతాడు, నేను వెనకాల సరిచేసుకుంటూ పోతాను. ఎవరికీ నష్టం లేదు.

జూన్ 9, సోమవారం

పొద్దున్న నేను కిందికి దిగేసరికి బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. తాళంచెవి చేతిలోనే ఉంది. దేనికోసం వెతుకుతున్నావు బావా అంటే తాళంచెవి కోసం అన్నాడు. అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ముగ్గురం నవ్వాం. అక్క నవ్వు మాత్రం కొంచెం ముందే ఆగిపోయింది.

రిటైరయ్యే వాళ్ళకి ధ్యాస ఉండదు. సహజమే.

జూన్ 11

మూడో గది. రెండు జతలు. సరిచేశాను. చెప్పలేదు.

జూన్ 12, గురువారం

నాలుగో గదికి బావ చుక్కలు మాత్రమే పెట్టాడు. ఒక్క జత కూడా తిప్పలేదు. స్టిక్కర్ మీద ఎలా ఉందో అలాగే దించేసి, అయిపోయింది అనుకుని లేచి ఇంటికి బయల్దేరాడు. నడుం నొప్పిగా ఉందట.

ఆయన వెళ్ళాక ఆరు జతలూ తిప్పి ఎక్కించాను. తిప్పాక నిజంగా పనిచేస్తోందో లేదో చూడాలి కదా. స్టోరమ్మ కోటు ఒకటి అరువడిగి, ఆవిడతోపాటే నాలుగో గదిలోకి వెళ్ళాను. ఆవిడ తలుపుకి ఒక చెక్కముక్క అడ్డం పెట్టింది. ఎప్పుడూ అలాగే పెడుతుందట. ఆ తలుపు లోపలి పిడి మీద ఆవిడకి నమ్మకం లేదు, చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిందిగానీ బాగుచేసే నాథుడు లేడు అంది. ఇద్దరం కలిసి బటన్ నొక్కాం. కంట్రోల్ రూమ్ వాడు ఫోన్ చేసి, గంట మోగుతోంది, ఎవరు తల్లీ లోపల అని అడిగాడు. స్టోరమ్మ ఫోన్ లాక్కుని, దయ్యం అంది.

చాలా రోజులకి నవ్వాను. బయటికొచ్చాక చేతులు కొయ్యబారిపోయి సంతకం కూడా సరిగ్గా రాలేదు.

బావకి చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆ కిటికీ దగ్గర నిలబడతాడు.

జూన్ 13, శుక్రవారం

ఆలస్యంగా లేచాను, ఆలస్యంగా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బావ సిస్టమ్ ముందు ఉన్నాడు. వేళ్ళు ముడిచీ తెరిచీ ఏదో చేస్తున్నాడు. నన్ను చూసి అడిగాడు.

"నాలుగో గది బెల్ మోగుతోందా? చూశావా?"

"చూశాను బావా, మోగింది. నేనే నొక్కాను."

హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు. మధ్యాహ్నం దాకా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. టీ కూడా ఆయనే తెచ్చాడు. ఎందుకంత సంతోషమో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. మనిషి బాగున్నప్పుడు ఎందుకు కదపడం అనుకున్నాను.

జూన్ 15, ఆదివారం

పడుకున్నాను. అంతే.

జూన్ 18, బుధవారం

స్టోరమ్మ నాలుగో గదిలో చిక్కుకుపోయింది.

 తలుపు మూసుకుపోయింది, లోపలి పిడి తిరగలేదు. ఫోన్ బయట బల్ల మీదే ఉండిపోయింది, ఎర్ర బటన్ నొక్కుతూనే ఉందట. ఇక్కడ గంట మోగలేదు. నేను కంట్రోల్ రూమ్ పక్క గదిలోనే ఉన్నాను, ఐదో గది అడ్రసు చూసుకుంటూ. ఏ చప్పుడూ లేదు. సరుకు ఎక్కించుకోడానికొచ్చిన లారీ డ్రైవరు లోపల్నించి దబదబమని కొడుతున్న శబ్దం విని అరిచాడు. గడ్డపారతో తలుపు తీశారు. ఆవిడ ఎంతసేపు లోపల ఉందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పెదాలు నీలంగా అయిపోయాయి. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే నా వైపు చూసింది. ఏదో అనబోయింది. ఈలోపు అంబులెన్సు ఎక్కించేశారు.

బతుకుతుంది అన్నారు ఆస్పత్రిలో. ఊపిరితిత్తులకి దెబ్బ తగిలిందట, పాదాలకి స్పర్శ రావడానికి టైము పడుతుందట. బతుకుతుంది అన్నారు. అది చాలు.

జూన్ 19, గురువారం

రూటర్ చూశాను. మేనేజర్ నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు. నాలుగో గది అడ్రసు స్టిక్కర్ మీద ఎలా ఉందో రూటర్‌లో అలాగే ఉంది. చుక్కలు మాత్రం ఉన్నాయి. తిప్పలేదు సార్ అన్నాను. నాలుగో గది ఎవరు చేశారు అని అడిగాడు. బావ చేశాడు అన్నాను.

నేను చెప్పిన రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు.

పోయిన గురువారం నేను సరిచేశానని గుర్తు. మూడో గదేమో. రోజూ అవే అంకెలు, ఏ రోజు ఏది చేశానో కలగాపులగం అయిపోతోంది. ఈ డైరీలో వెనక పేజీలు చూస్తే తెలుస్తుంది. తలనొప్పిగా ఉంది, చూడను.

జూన్ 20, శుక్రవారం

మేనేజర్ గదిలో కూర్చోబెట్టారు. మేనేజర్, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇంకో ఆయన, బావ, నేను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ఆయన తడబడలేదు. పోయిన వారం గురువారం నాలుగో గదిని తిప్పకుండా వదిలేసిన మాట నిజమే అన్నాడు. ఇంటికెళ్ళాక గుర్తొచ్చిందట. నిద్ర పట్టలేదట. మర్నాడు శుక్రవారం అందరికంటే ముందొచ్చి, తెర మీద ఉన్న అడ్రసుని జత తర్వాత జత వేళ్ళ మీద తిప్పి ఎక్కించాడట. "తర్వాత మా మరదల్ని అడిగాను. బెల్ మోగిందని చెప్పింది. అందుకే నేను మళ్ళీ నొక్కి చూడలేదు."

తిప్పితే సరైన అడ్రసే ఉండాలి కదా, మరి తిప్పనిది ఎలా ఉంది అన్నాడు మేనేజర్. బావ ఒళ్ళో వేళ్ళు ముడిచి తెరిచాడు. మేనేజర్ నా వైపు తిరిగి, శుక్రవారం ఈయన మిమ్మల్ని అడిగారా అన్నాడు.

"నాకు గుర్తు లేదు సార్."

బావ నా వైపు చూశాడు. కోపంగా కాదు. తప్పు చేసిన పిల్లాడు పెద్దవాళ్ళ మొహంలోకి చూస్తాడే, అలా చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అయితే తిప్పలేదేమో సార్. తిప్పాననుకున్నానేమో. ఈమధ్య నాకు అలా అవుతోంది."

సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. మిగిలిన రోజులు రానక్కర్లేదన్నారు.

జూన్ 21

ఆయనకి ఎలాగూ రిటైర్మెంటే. పోయేదేం లేదు. నాకింకా చాలా సర్వీసు ఉంది. మాటొస్తే నెత్తిన మోయాల్సినదాన్ని నేను. ఆయన్నైతే పెద్దవాడు, పోనీలే అంటారు. పైగా నిజంగానే మతిమరుపు ఉంది. లేదని ఎవరన్నా అనగలరా? మిగతా గదుల్లో ఎన్ని తప్పులు చేశాడు. నేను సరిచేయకపోతే ఎప్పుడో ఏదో ఒకటి అయ్యేది.

అన్నం సహించలేదు.

జూన్ 22

సహించలేదు.

జూన్ 24, మంగళవారం

బావ పైకి వచ్చాడు. ఆ మోకాళ్ళతో మెట్లెక్కి రావడం ఎప్పుడోగానీ చేయడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆ శుక్రవారం సంగతి అడగడానికి వచ్చాడు. ఉద్యోగం గురించి కాదు, అది పోతే పోనీ అన్నాడు. తనకి ఒక్కటే తెలియాలి. వేళ్ళు ముడిచినట్టు గుర్తుంది, నేను లోపలికొచ్చినట్టు గుర్తుంది, నా చీర రంగు కూడా గుర్తుంది. అడిగినట్టు గుర్తుంది, మోగిందన్నట్టు గుర్తుంది. అదంతా జరగకుండానే ఇంత బాగా గుర్తుంటుందా? అలా గుర్తుంటే ఇంక ఏది జరిగినట్టు, ఏది జరగనట్టు?

"నాకు గుర్తు లేదు బావా" అన్నాను.

సరే అని తల ఊపి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకేడ్చానో రాయను.

జూన్ 26, గురువారం

బట్టలు ఆరేస్తుంటే అక్క వచ్చింది. బావ ఇప్పుడు తాళం వేసి మళ్ళీ వెళ్ళి చూస్తున్నాడట. స్నానం చేశానా అని అడుగుతున్నాడట. భోజనం చేసి, చేశానా అని అడుగుతున్నాడట. ఇంతకుముందు ఏదన్నా మరిచిపోతే మరిచిపోయేవాడు, అంతే. ఇప్పుడు గుర్తున్నవాటిని కూడా నమ్మడం లేదు. నిన్న అక్కని, మనకి పెళ్ళయి ఎన్నాళ్ళయిందో నేను చెబుతాను, తప్పయితే చెప్పు అన్నాడట. సరిగ్గానే చెప్పాడు. చెప్పి, నువ్వు నా మనసు కష్టపెట్టకూడదని అవునంటున్నావేమో అన్నాడట.

అక్క ఒక దుప్పటి కొస నాకందించి, ఇంకో కొస తను పట్టుకుని పిండుతూ అంది. "ఆఫీసులో బాగానే చేస్తున్నాడు కదా అని నేను ధైర్యంగా ఉన్నానే. నీ దగ్గర అన్నీ సరిగ్గా చేస్తున్నాడు, ఇంట్లోనే పరాకు అనుకున్నాను. లేకపోతే ఎప్పుడో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని."

నేను దుప్పటి పిండుతూనే ఉన్నాను. నీళ్ళన్నీ కారిపోయాక కూడా.

జూన్ 28, శనివారం

స్టోరమ్మని చూడ్డానికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ మొహం చాటేశాను. కాళ్ళకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. దగ్గుతూనే మాట్లాడుతోంది. ఆపమంటే ఆపే రకం కాదు. నర్సుల్ని తిట్టింది, తలుపు పిడిని తిట్టింది, లారీ డ్రైవరుకి దండం పెట్టింది. బావని ఒక్క మాట అనలేదు. పెద్దాయన, పాపం, ఆ చేతులతో ఎన్నిసార్లు నాకు నేర్పాలని చూశాడో అంది.

తర్వాత నన్ను అడిగింది. ఆరా తీసినట్టు కాదు, మామూలుగానే.

"అవునుగానీ, ఆ ముందు వారం నువ్వూ నేనూ కలిసే కదా నొక్కింది? మోగింది కదా? దయ్యం అన్నాను కూడా. మోగింది కదా అన్న ధైర్యంతోనే ఆ రోజు చెక్కముక్క పెట్టకుండా వెళ్ళాను. మోగిన గంట మళ్ళీ ఎట్లా పోయింది?"

 ఆవిడకి దగ్గు తెర వచ్చింది. మంచినీళ్ళు పట్టించి వచ్చేశాను.

ఎలా పోయిందో నాకు తెలుసు. మేనేజర్ గదిలో బావ నోట శుక్రవారం అన్న మాట రాగానే తెలుసు. ఇక్కడ రాయలేదు, అంతే. గురువారం సాయంత్రం నేను తిప్పాను. శుక్రవారం పొద్దున్న ఆయన తిప్పాడు. తిప్పినదాన్ని ఇంకోసారి తిప్పితే మొదటికొస్తుంది. తిప్పకుండా వదిలేసిన సంగతి ఆయనకి గుర్తొచ్చింది, వచ్చి తిప్పాడు, మోగిందా అని అడిగాడు. అన్నీ సరిగ్గా చేశాడు. పని తెలిసినవాడు ఎలా చేయాలో అలాగే చేశాడు. ముందే సరిచేశానని నేనొక్క మాట చెప్పి ఉంటే తాకేవాడే కాదు. ఆయన శుక్రవారం సంగతి అడిగితే నేను గురువారం సంగతి చెప్పాను. పైగా నలుగురి ముందు గుర్తు లేదన్నాను. ఆయనకే గుర్తు లేదని ఆయన్నే నమ్మించాను.

నా మీద నాకే అసహ్యంగా ఉంది.

జూన్ 29, ఆదివారం

కిందికి వెళ్ళాను. బావ వరండాలో కూర్చున్నాడు. అక్క లోపల ఉంది. బావా, నీకో సంగతి చెప్పాలి అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఎక్కడా దాచలేదు. మిగతా గదులు వెనకాల సరిచేసిన సంగతి కూడా చెప్పాను.

 రెండు చేతులూ పైకెత్తి, ఎనిమిది వేళ్ళు నిలబెట్టాడు. రెండు ముడిచాడు. అటు తిప్పాడు, మళ్ళీ ఇటు తిప్పాడు. పెదాలు కదుపుతున్నాడు.  తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"అంటే శుక్రవారం నాకు గుర్తొచ్చింది నిజమే."

"నిజమే బావా."

"నిన్ను అడిగింది కూడా."

"అదీ నిజమే. నేనే అబద్ధం చెప్పాను."

ఆయన మొహం విప్పారింది. ఇన్ని రోజులకి మళ్ళీ ఆ మొహం చూశాను. ఒసే, ఇటు రా, విన్నావా, అదంతా నిజంగానే జరిగిందట, నాకు గుర్తుందట అని అక్కని పిలిచాడు. నేను చేసిన పని మాట ఆయన ఎత్తనే లేదు. అది ఆయనకి పట్టలేదు.

అక్క గుమ్మంలోనే నిలబడి అంతా విన్నదనుకుంటాను. నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది.

జూన్ 30, సోమవారం

మేనేజర్‌కి చెప్పాను. పెద్దాఫీసు ఆయనకి ఫోన్‌లో మళ్ళీ చెప్పించాడు. చెప్పాను. నా బ్యాడ్జీ తీసుకుని ఇంటికెళ్ళమన్నాడు. పిలిచినప్పుడు రావాలట. పిలుస్తారో, కాగితమే పంపిస్తారో తెలియదు. బావ పెట్టిన సంతకాన్ని ఏం చేస్తారు సార్ అని అడిగాను. కొట్టేస్తామన్నాడు. కొట్టేసేదాకా అక్కడే నిలబడ్డాను.

దారిలో ఆస్పత్రికి వెళ్ళి స్టోరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. 

జూలై 2, బుధవారం

అక్క బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నన్ను రమ్మనలేదు. ఏమన్నారో సాయంత్రం మెట్ల కింద నిలబడి పైకి చెప్పింది. జబ్బేనట. మొదలై చాలాకాలమే అయిందట. మందులతో కొంచెం నెమ్మదిస్తుందట, నయం కాదట. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట.  ఇంకేమైనా అంటుందని చూశాను. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

జూలై 3

ఎవరూ పిలవలేదు. ఆఫీసు వాళ్ళూ, అక్కా.

జూలై 5, శనివారం

పాలు తీసుకోడానికి కిందికి దిగితే బావ వరండాలో ఉన్నాడు. కూర్చో మరదలు పిల్లా అన్నాడు. కూర్చున్నాను. వీధిలోకి చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆవిడ లోపల చిక్కుకుంది నావల్లే కదూ? నేను తిప్పడం మరిచిపోయాను కదూ?"

మొన్న ఆదివారం చెప్పింది ఏమీ మిగల్లేదు. ఆ సంతోషం కూడా మిగల్లేదు. చేతిలోని పాలగిన్నె కింద పెట్టాను. లోపల కూరలు తరుగుతున్న చప్పుడు ఆగింది.

అవునని ఊరుకోవచ్చు. వేరే మాటలోకి దింపవచ్చు. రేపటికి ఎలాగూ గుర్తుండదు. అది నాకు అలవాటైన పనే.

"నీవల్ల కాదు బావా. నావల్ల."

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. గురువారం, శుక్రవారం, ఆయన అడగడం, నేను మోగిందనడం, మేనేజర్ గదిలో నేనన్న మాట. మొదటిసారి కంటే కష్టంగా ఉంది. మళ్ళీ వేళ్ళు నిలబెట్టాడు. ఈసారి ఒక చెయ్యి తిప్పడం మరిచిపోయాడు. ఆ చెయ్యి కాదు బావా, రెండూ తిప్పాలి అన్నాను. ఓ, అవును అని తిప్పాడు. అంటే నాకు గుర్తుందన్నమాట అన్నాడు, అదే మొహంతో. అక్కని పిలిచాడు. అక్క రాలేదు.

జూలై 6

అడిగాడు. చెప్పాను.

జూలై 8, మంగళవారం

ఇవాళ రెండుసార్లు. సాయంత్రం చెప్పేటప్పుడు ఒళ్ళు అలిసిపోయి, మేనేజర్ గది సంగతి దాటేసి తొందరగా ముగించబోయాను. మరి నేను సంతకం ఎందుకు పెట్టాను అని అడిగాడు. అదీ చెప్పాను. నలుగురి ముందు గుర్తు లేదని నేనన్నాను కాబట్టి పెట్టావు బావా అన్నాను. అలా ఎందుకన్నావు అన్నాడు, పిల్లాడిలా. భయపడి అన్నాను. పోనీలే అన్నాడు. తర్వాత తనకి గుర్తుందన్న సంతోషంలో పడిపోయాడు.

పైకి రాబోతుంటే అక్క వరండాలోకి వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడింది. మొహం చూడకుండానే, బావ భుజం మీది తుండుగుడ్డ తీసి మడత పెడుతూ అంది.

"రేపూ దిగి రా. అడుగుతాడు."